తాళం లోపలి ఇల్లు

1824. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డు వీధులు. చీకటి పడింది. ఇద్దరు కుర్రాళ్ళు నడిచి వెళుతున్నారు.

చిన్నవాడికి పన్నెండేళ్ళు. ఆ రోజంతా వాడికి డొక్కలో ఒకటే నొప్పి. పనిచేసే చోట ఓ మూల గడ్డి పరిచి పడుకోబెట్టి, ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్ళు నింపి, సాయంత్రందాకా కాపడం పెట్టింది ఇప్పుడు పక్కన నడుస్తున్న పెద్దవాడే. పేరు బాబ్ ఫాగిన్. తల్లీ తండ్రీ లేరు. పడవ నడుపుకునే బావ పంచన పెరుగుతున్నాడు. ఒంట్లో బాగోలేనివాణ్ణి ఒంటరిగా పంపడం ఏమిటని, ఇంటిదాకా దిగబెట్టే వెళతానని పట్టుబట్టాడు.

చిన్నవాడి గుండెల్లో రాయి పడింది. ఇంటిదాకా వస్తే ఇంకేముంది! ఆ ఇల్లు జైల్లో ఉంది.

వద్దన్నాడు. ఇక చాలన్నాడు. తగ్గిపోయిందన్నాడు. బాబ్ వింటేగా! ఆఖరికి సౌత్‌వర్క్ బ్రిడ్జి దాపుల్లో ఎవరిదో ఓ ఇంటి మెట్ల ముందు ఆగి, ఇదే మా ఇల్లన్నట్టు బాబ్ చేయి పట్టుకు ఊపి, వెళ్ళొస్తానన్నాడు. బాబ్ వెనక్కి తిరిగి చూస్తాడేమోనని నాటకం పూర్తిగా ఆడాడు. మెట్లెక్కి తలుపు తట్టాడు. ఒకావిడ వచ్చి తలుపు తీసింది. ఏం అడగాలి? ఆ కంగారులో నోటికొచ్చిన పేరు ఒక్కటే. రాబర్ట్ ఫాగిన్ గారి ఇల్లు ఇదేనాండీ అని అడిగాడు.

ఆ కుర్రాడి పేరు చార్లెస్ డికెన్స్.

ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్ పుస్తకంలో ‘ఆలివర్ ట్విస్ట్’ చదువుకున్నవాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ నవలలో పిల్లల చేత జేబులు కొట్టించే ముసలాడు గుర్తున్నాడా? వాడి పేరు ఫాగిన్. కాపడం పెట్టిన చేతుల పేరు తీసుకెళ్ళి ఆ దుర్మార్గుడికి ఎందుకు తగిలించాడా అని పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారు. నాకు మాత్రం ఆ మెట్లే గుర్తొస్తాయి. బాబ్ మంచివాడే. కాకపోతే ఇంటి గుట్టు తెలిసేంత దగ్గరికి వచ్చాడు.

*

గుట్టు పేరు అప్పు. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళ జీతాల ఆఫీసులో గుమాస్తా. జీతం మరీ తక్కువేం కాదు. చెయ్యే ఆగదు. మాటకారి, సరదా మనిషి, కొడుకు జబ్బుపడితే రాత్రింబగళ్ళు మంచం పక్కనుంచి కదలని మనిషి. వచ్చిందానికంటే పోయేది ఎప్పుడూ ఓ పిసరు ఎక్కువ. ఇంట్లో సామాను ఒక్కొక్కటే తాకట్టు కొట్టుకు నడిచింది. ముందు పోయినవి పుస్తకాలు. వాటిని మోసుకెళ్ళి అమ్మింది చార్లెసే. తల్లి ఎలిజబెత్ ఊరికే కూర్చోలేదు. బడి పెడదామని గవర్ స్ట్రీట్‌లో ఇల్లు తీసుకుని, తలుపుకి ఇత్తడి పలక కొట్టించింది. ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచిందీ చార్లెసే. ఒక్క పిల్లయినా చేరితే ఒట్టు.

చుట్టరికం ఉన్న ఒకాయన కుర్రాడికి పని చూపించాడు. నది ఒడ్డున హంగర్‌ఫర్డ్ మెట్ల దగ్గర, ఎలుకలు తిరిగే పుచ్చిపోయిన కొంపలో బూటు పాలిష్ తయారీ. ‘వారెన్స్ బ్లాకింగ్’ అంటారు. పాలిష్ డబ్బాల మూతిమీద నూనె కాగితం, దానిమీద నీలం కాగితం కప్పి, దారంతో బిగించి, అంచులు కత్తిరించి, చీటీ అతికించాలి. రోజంతా అదే. వారానికి ఆరో ఏడో షిల్లింగులు. పన్నెండు నిండీ నిండకముందు బడి మాని ఆ గోదాములో కూర్చున్నాడు. అమ్మానాన్నా ఇద్దరూ దీనికి సంతోషంగానే ఒప్పుకున్నారన్నది, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయనకి మింగుడుపడలేదు.

పనిలో చేరి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ఫిబ్రవరి 20న తండ్రిని అప్పు కింద పట్టుకుపోయారు. ఒక రొట్టెల వ్యాపారికి బాకీ పడ్డ 40 పౌన్ల 10 షిల్లింగులు కారణం. తీసుకెళ్ళిన చోటు మార్షల్సీ, థేమ్స్‌కి దక్షిణాన సౌత్‌వర్క్‌లో ఉన్న బాకీదారుల జైలు.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళిన రోజు చార్లెస్ అణువణువూ గుర్తుపెట్టుకున్నాడు. గేటు గదిలో తండ్రి ఎదురుచూస్తున్నాడు. పై అంతస్తుకి ఒకటి కిందున్న గదిలోకి వెళ్ళి తండ్రీ కొడుకూ వెక్కివెక్కి ఏడ్చారు. ఏడుపు అయ్యాక తండ్రి లెక్క చెప్పాడు. ఏడాదికి ఇరవై పౌన్లు వచ్చేవాడు అందులో ఆరు పెన్నీలు మిగుల్చుకున్నా సుఖపడతాడు, ఒక్క షిల్లింగు అటు దాటించాడా, నాశనమైపోతాడు. అప్పుచేసి జైలుకొచ్చిన మనిషి చెప్పిన పొదుపు పాఠం ఇది. చలిమంట గూట్లో అటొకటి ఇటొకటి రెండు ఇటుకలు పెట్టి ఉన్నాయి, బొగ్గు ఎక్కువ కాలకుండా.

భోజనానికి కత్తీ ఫోర్కూ లేవు. పై గదిలో కెప్టెన్ పోర్టర్ అని ఇంకో బాకీదారు ఉన్నాడు. నాన్నగారు నమస్కారాలు చెప్పమన్నారు, కత్తీ ఫోర్కూ ఓసారి ఇస్తారా అని అడగడానికి కుర్రాణ్ణి పంపారు. గుమ్మంలో నిలబడ్డది రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆ గదిలో మాసిన బట్టలతో ఓ ఆవిడ, తైలసంస్కారం లేని జుట్టుతో పాలిపోయిన ఇద్దరు ఆడపిల్లలు. కత్తీ ఫోర్కూ అయితే తెచ్చుకోవచ్చు గానీ, కెప్టెన్‌గారి దువ్వెన మాత్రం అరువు తెచ్చుకోలేం అనుకున్నాడట. ఆ పిల్లలు ఆయన పిల్లలే గానీ, ఆవిడ ఆయన పెళ్ళాం కాదని కూడా చూడగానే తెలిసిపోయిందట. ఎలా తెలిసిందో దేవుడికెరుక. తమ ఇల్లు చెదిరినప్పుడు పిల్లలు పక్కిళ్ళు ఎలా అతికి ఉన్నాయో చూస్తారు కాబోలు.

*

అసలు దెబ్బ ఇక్కడ తగల్లేదు. నెల దాటాక, మార్చి ఆఖర్లో, తల్లి కూడా సంసారం ఎత్తేసింది. బాకీదారుల జైల్లో భార్యాపిల్లలు వచ్చి ఉండొచ్చు, పగలు బయటికి పోయి రావచ్చు. రాత్రి పదికి గేటుకి తాళం పడుతుంది, అంతే. ఇంటి తాళంచెవి యజమానికి తిప్పి పంపారు. పీడ వదిలిందని ఆయన సంతోషించాడు. తల్లి, చిన్నపిల్లలు ముగ్గురూ మార్షల్సీలోకి మారారు. అక్క ఫానీ సంగీత అకాడమీలో ఉండి చదువుకుంటోంది.

మిగిలింది చార్లెస్. వాణ్ణి నది ఇవతల, కామ్‌డెన్ టౌన్‌లో ఓ ముసలావిడ ఇంట్లో పెట్టారు. గది అద్దె తండ్రిది. తిండి వాడిష్టం. శనివారం వచ్చిన కూలిడబ్బులు ఆరు భాగాలు చేసి, ఆరు పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద ఒక్కో వారం పేరు రాసిపెట్టుకునేవాడు. పొద్దున పెన్నీ రొట్టె, కాసిని పాలు. రాత్రికి ఇంకో రొట్టె, కాస్త జున్ను ముక్క దాచిపెట్టుకోవడం. సోమవారం పొద్దుట్నుంచి శనివారం రాత్రిదాకా మంచి చెప్పేవాళ్ళు లేరు, ధైర్యం చెప్పేవాళ్ళు లేరు.

లోపల? లోపల బాగానే ఉన్నారు. తండ్రి జీతం ఆగలేదు. బయట గుమ్మం ముందు అప్పులవాళ్ళ కేకలు లేవు. కూడా తెచ్చుకున్న పనిపిల్ల అన్నీ చూసుకుంటోంది. బయట ఉన్నప్పటికంటే మావాళ్ళు జైల్లోనే సుఖంగా ఉన్నారని డికెన్సే తర్వాత చెప్పాడు. అమ్మ, నాన్న, చెల్లి, తమ్ముళ్ళు అందరూ ఒక గదిలో, ఒక మంట చుట్టూ. ఏ తప్పూ చెయ్యనివాడు ఒక్కడే బయట.

పిల్లలకి జైలంటే గోడలు అనుకుంటాం. మనవాళ్ళు అటుపక్క, మనం ఇటుపక్క అన్నప్పుడే అది జైలు. పిల్లవాడు ఎటుపక్క ఉన్నాడన్నది తర్వాతి మాట.

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా అక్కని అకాడమీ నుంచి తీసుకుని జైలుకి వెళ్ళడం, రాత్రికి ఇద్దరూ కలిసి నడిచి రావడం, అక్కని అక్కడ దిగబెట్టి ఒక్కడూ గదికి పోవడం. ఓ ఆదివారం రాత్రి వాడివల్ల కాలేదు. తండ్రి దగ్గర కూలబడి ఏడ్చాడు. అంతకుముందెన్నడూ తండ్రికి ఎదురు చెప్పలేదు, తన కష్టం చెప్పుకోలేదు. అదే మొదలు. ఆ ఏడుపుకి తండ్రి కరిగిపోయాడు. కొడుకు అంత దిగులుగా ఉన్నాడని ఆయనకి అప్పటిదాకా తట్టనే లేదు!

జైలు దగ్గర్లో లాంట్ స్ట్రీట్‌లో గది చూశారు. ఇంటి వెనక అటక. కిటికీ తీస్తే కలప అడితి. నేలమీద పరుపు పరిచారు. పన్నెండేళ్ళవాడికి అది స్వర్గం అనిపించింది. ఇంతకీ స్వర్గం అనదగ్గది అందులో ఏముంది? పొద్దున్నే జైలు గేటు తీయగానే లోపలికెళ్ళి అమ్మానాన్నలతో కూర్చుని తినొచ్చు. రాత్రి పనినుంచి వచ్చి మళ్ళీ వాళ్ళతో తినొచ్చు. గేటు తీసేదాకా లండన్ బ్రిడ్జి దగ్గర కాచుకుని ఉండేవాడు. బీదల శరణాలయం నుంచి వచ్చిన ఆ అనాథ పనిపిల్ల కూడా అక్కడికి చేరేది. ఆ పిల్లని కూర్చోబెట్టి రేవుల గురించీ, లండన్ టవర్ గురించీ లేనిపోని కథలన్నీ అల్లి చెప్పేవాడు. డికెన్స్ మొదటి శ్రోత ఆవిడే అంటే తప్పులేదు.

*

జైల్లో ఉన్నవాళ్ళని ఇలా చూడ్డానికి వెళ్ళడాన్ని మన దగ్గర ములాఖత్ అంటారు. చంచల్‌గూడ ముందైనా, రాజమండ్రి సెంట్రల్ జైలు ముందైనా, చంటిపిల్లని చంకనేసుకుని వచ్చినవాళ్ళకి ఆ ఉర్దూ మాట తెలుగుమాట కంటే బాగా వచ్చు. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుకి మన రాష్ట్రం పేరే ఉంది: ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. ఖైదీ తల్లుల పిల్లల గురించి. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. ఆ బిడ్డని ఖైదీలా చూడకూడదు. ఆరేళ్ళు దాటాక తల్లి చెప్పినవాళ్ళకి గానీ, సంక్షేమ శాఖ హాస్టలుకి గానీ అప్పగించాలి. వీలైనంతవరకూ ఊరు దాటించకూడదు. వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలి. ఇంకోటి కూడా చెప్పింది కోర్టు. బిడ్డ జైల్లో పుడితే జనన ధ్రువపత్రంలో జైలు అని రాయకూడదు, ఆ పేట పేరే రాయాలి.

ఆ చివరి మాట రాసిన న్యాయమూర్తులు బాబ్ ఫాగిన్ కథ చదివారో లేదో గానీ, ఆ కుర్రాడు ఎవరిదో తలుపు ఎందుకు తట్టాడో మాత్రం వాళ్ళకి బాగా తెలుసు. తీర్పు చంటిపిల్లల్ని తల్లి ఒడినుంచి వేరు చెయ్యకుండా చూసింది. మంచిదే. తండ్రి లోపల, తల్లి కూలికి, తను పాలిష్ డబ్బాల దగ్గర అన్న పన్నెండేళ్ళవాడి సంగతి అందులో ఎక్కడా రాదు. వాడు ములాఖత్ వరసలో నిలబడతాడు. బళ్ళో అడిగితే నాన్న ఊరెళ్ళాడంటాడు.

*

దివాలా చట్టం కింద బయటపడాలంటే బాకీదారుడి బట్టలు, సామాను, భార్యాపిల్లల ఒంటిమీదవి కూడా కలిపి 20 పౌన్లు మించకూడదు. విలువ కట్టే అధికారి దగ్గరికి చార్లెస్‌ని పంపారు. తెల్లటోపీ, పొట్టి కోటు, కార్డురాయ్ ప్యాంటు. ఎంత చేస్తాయి? వాడి బెంగంతా జేబులోని వెండి గడియారం మీదే. పాలిష్ పనికి ముందు మంచి రోజుల్లో నాయనమ్మ ఇచ్చింది. ఇది పట్టుబడితే లెక్క ఇరవై దాటుతుందేమో, నాన్న బయటికి రాడేమో! అధికారి భోజనం మధ్యలోంచి లేచొచ్చి, ఒకసారి చూసి, సరే పొమ్మన్నాడు. వంగి దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఆ ఏప్రిల్లో నాయనమ్మ పోయింది. ఓ జమీందారీ భవంతిలో ఇంటిపెత్తనం చేసిన మనిషి ఆవిడ. కొడుక్కి 450 పౌన్లు వదిలింది. మే 28న జాన్ డికెన్స్ విడుదలయ్యాడు. మూడు నెలల పైన వారం రోజులు.

నాన్న వచ్చేశాడు. చార్లెస్ మాత్రం పాలిష్ దగ్గరే ఉన్నాడు. అక్కకి అకాడమీలో బహుమతి ఇస్తుంటే చూసి, నాకీ బతుకు నుంచి విముక్తి ఇవ్వు దేవుడా అని ఆ రాత్రి మొక్కుకుని ఏడ్చాడు. అసూయ మాత్రం లేదని ప్రత్యేకంగా రాసుకున్నాడు. గోదాము కోవెంట్ గార్డెన్‌కి మారింది. వెలుతురు కోసం కుర్రాళ్ళని వీధి కిటికీలో కూర్చోబెట్టారు. వాళ్ళ చేతివేగం చూడ్డానికి జనం ఆగేవాళ్ళు. ఓ రోజు తండ్రి లోపలికొచ్చి నిలబడ్డాడు. ఆయన ఎలా చూడగలిగాడా అనుకున్నాడు కొడుకు. ఇదంతా ఎన్నాళ్ళు సాగిందో, ఏడాదో ఇంకా ఎక్కువో తక్కువో, ఆయనకే గుర్తులేదు.

చివరికి తండ్రికీ, పని చూపించిన ఆ చుట్టానికీ మాటా మాటా వచ్చింది. తండ్రి రాసిన ఉత్తరం మోసుకెళ్ళింది చార్లెసే. చుట్టం అది చదివి, నిన్ను తప్పుపట్టను గానీ నువ్వింక ఇక్కడ ఉండలేవని మర్యాదగానే చెప్పి పంపేశాడు. మర్నాడు తల్లి వెళ్ళి రాజీ చేసుకొచ్చింది. రేపట్నుంచి మళ్ళీ రమ్మన్నారు, మనవాడు బాగా పనిచేస్తాడని మెచ్చుకున్నారని చెప్పింది. తండ్రి ససేమిరా అన్నాడు. బడికి పోవాల్సిందే అన్నాడు.

వాళ్ళింట్లో జరిగిన అసలు విచారణ ఇదేనని నాకనిపిస్తుంది. దీంట్లో జైలుకెళ్ళినవాడు గెలిచాడు. అప్పులు చేసి, బడి మాన్పించి, కొడుకుని వీధిపాలు చేసిన తండ్రిని డికెన్స్ క్షమించాడు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో మికాబర్‌గా మార్చి లోకమంతా ప్రేమించేలా చేశాడు. 1834లో తండ్రిని మళ్ళీ బాకీ కింద పట్టుకుంటే తనే విడిపించాడు. ఆ తర్వాత తన పేరు చెప్పి అప్పులు చేస్తున్నాడని తెలిసి, ఆ బాకీలతో నాకు సంబంధం లేదని 1841లో పేపర్లో ప్రకటన వేయించాల్సి వచ్చింది. అయినా ప్రేమ పోలేదు. తల్లిని మాత్రం... నన్ను మళ్ళీ అక్కడికి పంపాలని మా అమ్మ ఆరాటపడింది, అది మర్చిపోలేదు, మర్చిపోను, మర్చిపోలేను అన్న అర్థం వచ్చేలా నడివయసులో రాశాడు. 1863లో ఆవిడ పోయేదాకా ఖర్చులన్నీ ఆయనే చూశాడు. ఆ మాట మాత్రం కొట్టెయ్యలేదు.

ఆ తల్లికి వకాలతు పుచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఇంటినిండా పిల్లలు, కుదురులేని మొగుడు, కళ్ళముందు ఖాళీ అయిన ఇల్లు. వారం వారం వచ్చే ఆ కాసిని షిల్లింగులు వదులుకోవడానికి ఏ ఇల్లాలికి చెయ్యాడుతుంది? ఆవిడ లెక్క ఆవిడది. కుర్రాడి లెక్క వేరు. నన్ను ఎవరు దగ్గరికి రమ్మన్నారు, ఎవరు పొమ్మన్నారు. పిల్లలు నేరాలు లెక్కపెట్టరు, ఇదొక్కటే లెక్కపెడతారు.

*

బడికెళ్ళిన రోజు నుంచి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మానాన్నలు నోళ్ళు కుట్టేసుకున్నట్టే ఉన్నారు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. 1847లో ప్రాణస్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ యథాలాపంగా అడిగాడు. చిన్నప్పుడు స్ట్రాండ్ దగ్గర ఏదో గోదాములో నిన్ను చూశానని, చేతిలో అరక్రౌను పెడితే వంగి దణ్ణం పెట్టావని మన స్నేహితుడు డిల్క్‌ గారు చెబుతున్నారు, నిజమేనా అని. డికెన్స్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. కొన్నాళ్ళకి తనే అంతా కాగితం మీద పెట్టి ఫార్‌స్టర్‌ చేతికిచ్చాడు. కట్టుకున్న భార్యకి కూడా మనసు విప్పి చెప్పలేదని అందులో ఉంది. పెద్దకొడుక్కి మాటలొచ్చాక కూడా, ఆ పాత దారిన నడిస్తే ఏడుపొచ్చేదని ఉంది.

మార్షల్సీ 1842లోనే మూతపడింది. 1857లో, జైల్లో పుట్టిన అమ్మాయి కథగా రాసిన ‘లిటిల్ డారిట్’ పూర్తవుతున్నప్పుడు, డికెన్స్ వెళ్ళి మిగిలిన గదులు చూసి వచ్చాడు. ఇప్పుడు సౌత్‌వర్క్‌లో, సెయింట్ జార్జ్ చర్చి పక్క సందులో పొడుగాటి ఇటుక గోడ ఒకటి మిగిలింది.

1869 క్రిస్మస్. గ్యాడ్స్ హిల్‌లో పెద్ద ఇల్లు, నిండా పిల్లలు. జ్ఞాపకాల ఆట ఆడుతున్నారు. ఒకరు ఒక మాట అంటే, తర్వాతివాళ్ళు వెనకటివన్నీ అప్పజెప్పి తమ మాట ఒకటి కలపాలి. డికెన్స్ వంతు వచ్చింది. వరసగా అన్నీ అప్పజెప్పి, కళ్ళలో ఏదో మెరుపుతో, గొంతు ఓ రకంగా పెట్టి, తన మాట కలిపాడు: వారెన్స్ బ్లాకింగ్, 30, స్ట్రాండ్.

అదేమిటో ఎవరికీ తెలియలేదు. ఆట ముందుకి సాగింది. ఆ గదిలో ఉన్న కొడుకు హెన్రీ ఈ సంగతి తర్వాత రాశాడు. 1870 జూన్ 9న డికెన్స్ చనిపోయారు. ఆ మాటకి అర్థం ఆయన పిల్లలకి ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర అచ్చయ్యాకే తెలిసింది.